అయిదుకు పరక తక్కువ: మా క్యాంపర్ వ్యాన్ పని డైరీ

జూన్ 14

ప్రయాణాల్లో ఇల్లులా వాడుకోవడానికి కొన్న పాత బండి ఇంటికొచ్చి మూడు వారాలైంది. మంచం అడ్డంగా వేయాలా నిలువుగా వేయాలా, పొయ్యి తలుపు దగ్గరా డ్రైవరు సీటు వెనకా అని ఇంట్లో రోజూ పంచాయితీ. నేను మాత్రం ఇంకా బండి కిందే ఉన్నాను. నడిచే భాగం సరిగా లేని బండికి వంటగది కట్టడం పునాది లేని ఇంటికి రంగులు వేయడమే.

బండి వివరాలు కొద్దిగా. కర్మాగారంలోనే ఫోర్ వీల్ డ్రైవ్‌గా తయారైన చిన్న లారీ చాసిస్ ఇది. దాని మీద వ్యాన్ బాడీ కట్టించి గనుల దగ్గర సిబ్బందిని తిప్పారు. నంబరు ప్లేటు మీద ఇంకా పాత టీఎస్ అక్షరాలే. కంపెనీ పేరు ఇక్కడ రాయను. రాస్తే మాట బండి గొప్పల మీదకు పోతుంది, నాకు కావలసింది టైర్లు, గేర్లు, డిఫరెన్షియల్ గురించిన లెక్క. వెనుక చక్రాలు జంటలు కావు, ఒక్కొక్కటే. మామూలుగా వెనుక చక్రాలే తిరుగుతాయి. లివరు లాగితే ముందువి కూడా కలుస్తాయి, ముందూ వెనకా వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. అంటే తారు రోడ్డు మీద ఆ లివరు జోలికి పోకూడదు.

ఈ రోజు హైదరాబాద్ నాగోలులో మా ఇంటి వెనుక ఖాళీ స్థలంలో మొదటిసారి ఆ లివరు లాగాను. రెండు వందల మీటర్లు మట్టిలో నడిపి మళ్లీ మామూలు స్థితికి తోద్దామంటే రాదు. బావమరిది, నేను కలిసి రెండు చేతులతో గుంజినా రాలేదు. చివరికి రివర్సులో పది మీటర్లు పోనిచ్చాక టక్కుమని దానంతటదే వచ్చింది. ముందు వెనుక యాక్సిళ్లకు బలం పంచే గేర్ల పెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేసు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను, అంత వేడి.

"బావా, టైర్లు చూశావా? ముందువి ఒక రకం, వెనుకవి ఇంకో రకం" అన్నాడు బావమరిది.

నిజమే. ముందు రేడియల్, వెనుక నైలాన్. నాలుగూ 7.50-16 సైజే కానీ వెనుకవి బాగా అరిగిపోయాయి. దొంగ దొరికాడనుకున్నాం.

జూన్ 21

టైర్లు కొనేముందు బరువు తెలియాలి. మంచం, అల్మారాలు ఇంకా కట్టలేదు కనుక వాటి బదులు ఆరు సిమెంటు బస్తాలు వేశాం, మూడు వందల కిలోలు. నీళ్ల డ్రమ్ము నింపాం. మేమిద్దరం ఎక్కాం. వేబ్రిడ్జి మీద మొదట ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒక చీటీ, తర్వాత మొత్తం బండికి ఇంకో చీటీ. కాటా దగ్గర కుర్రవాడికి ఇది వింతగా తోచింది. "ఒక్క బండికి రెండు చీటీలెందుకు సార్, రెండో చీటీకి కూడా డబ్బులు కట్టాలి" అన్నాడు. కట్టాను.

ముందు యాక్సిల్ మీద 1,640 కిలోలు. వెనుక 2,120. మొత్తం 3,760. ఒక్కో ముందు టైరు మీద 820, ఒక్కో వెనుక టైరు మీద 1,060. ఈ అంకెలన్నీ గోడ మీద రాసిపెట్టాను. ఇకముందు ఏ దుకాణానికి వెళ్లినా వీటితోనే మాట మొదలు.

ఒక మాట. వంద లీటర్ల నీళ్ల ట్యాంకంటే వంద కిలోలు. దాన్ని బండి వెనుక చివర పెడితే వెనుక యాక్సిల్ మీద పడే అదనపు బరువు వంద కంటే ఎక్కువే, ఎందుకంటే ముందు వైపు కొంత పైకి లేస్తుంది. రెండు యాక్సిళ్ల మధ్యకు ట్యాంకు తెచ్చాకే మంచం సంగతి మాట్లాడుకుందామని మా ఆవిడతో చెప్పాను. ఆమె ఒప్పుకుంది, కానీ పొయ్యి తలుపు దగ్గరే ఉండాలన్న షరతు మీద.

జూన్ 28

ఈ వారమంతా టైర్ల మీదే గడిచింది. రాణిగంజ్‌లో రెండు సాయంత్రాలు, ఆటోనగర్‌లో ఒక పూట.

పాత టైర్ల పక్కన ముద్రించిన నాలుగు అంకెల తేదీ చూస్తే వెనుకవి 3114. అంటే 2014లో 31వ వారం. అరుగుదల సంగతి అటుంచి, పదేళ్లు దాటిన రబ్బరు మీద కుటుంబాన్ని ఎక్కించను. కాబట్టి అయిదు టైర్లూ కొత్తవే కొనాలి, స్టెప్నీతో సహా. మధ్యలో డిఫరెన్షియల్ లేని ఫోర్ వీల్ డ్రైవ్‌లో అయిదూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే అరుగుదల ఉండాలి. చుట్టుకొలతలో తేడా ఉంటే అది ట్రాన్స్‌ఫర్ కేసు మీదే పడుతుంది.

ఇక సైజు. మనసు పెద్ద టైర్ల మీదే ఉంది, దాచడమెందుకు? 255/85 ఆర్ 16 వేస్తే బండి ఠీవే వేరు. లెక్క వేశాను. రిమ్ము పదహారు అంగుళాలు అంటే 406 మిల్లీమీటర్లు. వెడల్పు 255లో 85 శాతం పక్కగోడ, రెండు వైపులా కలిపి 433. మొత్తం వ్యాసం 840. ఇప్పుడున్న 7.50-16 కొత్తదైతే దాదాపు 805. నాలుగు శాతం పెరుగుతుంది. చూడ్డానికి నాలుగు శాతమే. కానీ గేర్లన్నీ నాలుగు శాతం పొడవవుతాయి, స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, బ్రేకుకు అంత మేర ఎక్కువ పని. పైగా చట్టం ఒకటుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52. తయారీదారు నిర్దేశించిన దానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. వ్యాన్ లోపల మంచం కట్టినందుకే ఆర్టీఏ కార్యాలయంలో కాగితాలు కదపాలి. దాని మీద టైర్ల పేచీ కూడా ఎందుకు?

రెండో దారి 235/85 ఆర్ 16. దీని వ్యాసం 806. అంటే పాత 7.50-16కి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ట్యూబు లేనిది, మట్టి దారులకు పనికొచ్చే ఆల్ టెర్రెయిన్ డిజైన్లు ఇందులో చాలా ఉన్నాయి. లోడ్ ఇండెక్స్ 120, అంటే ఒక్కో టైరు 1,400 కిలోలు మోస్తుంది, నా 1,060కి ఎక్కువే. దీని మీద దాదాపు మనసు పెట్టేశాను. అడ్డం వచ్చింది రిమ్ము. మా బండివి లాక్ రింగు, అంటే టైరును పట్టి ఉంచే విడి ఇనుప రింగు, ఉన్న డిస్కులు. వాటిలో ట్యూబు, దానికీ రిమ్ముకూ మధ్య వేసే రబ్బరు పట్టీ ఫ్లాపు తప్పనిసరి, ట్యూబ్‌లెస్ టైరు ఎక్కదు. సరిపోయే బోల్టుల కొలతతో ట్యూబ్‌లెస్ రిమ్ములు దొరకలేదు. పాత రిమ్ముల మధ్యభాగం కోసి కొత్త అంచులకు వెల్డింగు చేసిస్తానని ఒకరు ముందుకొచ్చారు. నమస్కారం పెట్టి వచ్చేశాను. నాలుగు టన్నుల బండి చక్రం మీద వెల్డింగు చేసేవాడి చేయి ఆ రోజు ఎలా ఉందో నాకెలా తెలుస్తుంది?

మిగిలింది 7.50 ఆర్ 16 రేడియల్. పాత సైజే, కొత్త నిర్మాణం. లోడ్ ఇండెక్స్ 122, ఒంటి చక్రానికి 1,500 కిలోలు. అందం లేదు. లారీ టైరులా ఉంటుంది, ఎందుకంటే అది లారీ టైరే. కానీ దేశంలో ఏ చిన్న ఊరి పంక్చరు షాపులోనైనా దీని ట్యూబు దొరుకుతుంది, దీన్ని విప్పడం తెలిసినవాడు ఉంటాడు. మా ప్రయాణంలో తొంభై పాళ్లు తారు రోడ్డే. మిగతా పది పాళ్లలో బురద ఎంత, రాయి ఎంత అని నిజాయితీగా ఆలోచిస్తే మడ్ టెర్రెయిన్ టైరు మోజు తగ్గుతుంది. రోడ్డు మీద దాని రొద, బరువు, తడి తారు మీద పట్టు తగ్గడం, ఇవన్నీ రోజూ అనుభవించాలి. బురద మాత్రం ఏడాదికి నాలుగు సార్లు.

ట్యూబు టైరుకు ఒక లోపం ఉంది, ఒప్పుకోవాలి. మట్టిలో పట్టు కోసం గాలి మరీ తగ్గిస్తే టైరు రిమ్ము మీద జారుతుంది, లోపల ట్యూబు దానితో పాటు లాగుకుని వాల్వు దగ్గర తెగుతుంది. కనుక మరీ లోతుకు దించే ప్రశ్న లేదు. తారు మీద ముందు 60, వెనుక 75 పౌండ్లతో మొదలుపెట్టి, మట్టిలో 40 దగ్గర ఆగుతాను, అదీ నెమ్మదిగా నడిపినంతసేపే.

అయిదు టైర్లు, ట్యూబులు, ఫ్లాపులు చెప్పేశాను.

జూలై 5

టైర్లు ఎక్కాయి. షాపతను లాక్ రింగు బిగించాక గాలి పట్టేముందు చక్రాన్ని బోర్లా పడుకోబెట్టి, రింగు వైపు నేలకు ఉండేలా చూసి, ఇనుప గొలుసు చుట్టి, తాను పక్కకు జరిగి పైపు పెట్టాడు. ఆ రింగు ఎగిరితే మనిషి ప్రాణం పోతుంది. ఇంత జాగ్రత్త ఉన్న చోట డబ్బు ఇవ్వడానికి చేయి వెనకాడదు.

నేల మీద సుద్దతో గీత, టైరు మీద గీత. ఒక పూర్తి చుట్టు తోసి టేపు పెట్టాను. నాలుగు చక్రాలకూ 2.46 మీటర్లు. పాతవి విప్పకముందే కొలిచి ఉంచాను కనుక పోల్చుకోవచ్చు. ముందువి 2.47, అరిగిన వెనుకవి 2.42. రెండు శాతం తేడా. ఇప్పుడు తేడా సున్నా.

ఉత్సాహంగా ఖాళీ స్థలంలోకి తీసుకెళ్లి లివరు లాగాను. యాభై మీటర్లు పోకుండానే స్టీరింగు బిగుసుకుంది. లివరు రాదు. మునుపటి కంటే అధ్వాన్నం.

బావమరిది ఏమీ మాట్లాడలేదు. అతను మాట్లాడకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

జూలై 6

రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారగానే జాకీ పట్టుకుని బండి కిందకు దూరాను.

ఈ పనికి సుద్దముక్క, సహనం ఉంటే చాలు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం వేసి, వెనుక ఎడమ చక్రాన్ని మాత్రం జాకీ మీద లేపాను. కుడిది నేల మీదే ఉంది, కదలదు. యాక్సిల్‌కు బలం తెచ్చే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఒక గీత, పైన చాసిస్ మీద ఒక గీత. బావమరిది చక్రం పట్టుకుని నెమ్మదిగా తిప్పుతాడు, నేను కింద పడుకుని షాఫ్టు చుట్లు లెక్కపెడతాను. ఒక చక్రం ఆగి ఉంటే రెండో చక్రం రెండు చుట్లు తిరిగినప్పుడు డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్లచక్రం, అంటే క్రౌన్ వీల్, ఒక్క చుట్టు తిరుగుతుంది. కాబట్టి చక్రం రెండు చుట్లకు షాఫ్టు ఎన్ని తిరిగితే అదే ఆ యాక్సిల్ నిష్పత్తి.

ఒకటి, రెండు, మూడు, నాలుగు... అయిదో చుట్టు పూర్తి కాకముందే బావమరిది "రెండు అయ్యాయి బావా" అన్నాడు. గీత పైకి రావడానికి ఇంకా కొంచెం ఉంది. షాఫ్టు చుట్టుకొలతను టేపుతో ఎనిమిది భాగాలు చేసి చూస్తే సరిగ్గా ఒక భాగం తక్కువ. నాలుగు ముప్పాతిక మీద పరక. అంటే 4.875.

ముందు యాక్సిల్‌కు చక్రాలను యాక్సిల్‌తో కలిపే హబ్ లాకులు బిగించి అదే పని. ఈసారి అయిదు చుట్లు దాటి గీత ముందుకు వెళ్లింది. ఎంత? ఒక భాగం. 5.125.

మా తాతగారు వడ్ల లెక్కలో పరక, వీసం అని నోటితో చెప్పేవారు. ఎనిమిదో వంతును పరక అంటారని అప్పుడు నవ్వుతూ నేర్చుకున్నాను. ఇన్నేళ్లకు బండి కింద పడుకుని అది పనికొచ్చింది. వెనుకది అయిదుకు పరక తక్కువ. ముందుది అయిదుకు పరక ఎక్కువ.

ఇదీ కథ. ముందూ వెనకా నిష్పత్తులే వేరు. చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి రెండు షాఫ్టుల మధ్య పావు చుట్టు తేడా. పది మీటర్లకు దాదాపు ఒక పూర్తి చుట్టు. ఆ తేడా ఎటూ పోలేక ట్రాన్స్‌ఫర్ కేసులో, షాఫ్టుల్లో మెలిగా పేరుకుంటుంది, టైరు ఎక్కడో జారితే గాని విడవదు. రివర్సులో పోనిస్తే లివరు ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. ఆ మెలి విప్పుకుంది.

కొత్త టైర్లతో ఇంకా చెడిపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. ప్రొపెల్లర్ షాఫ్టు ఒక చుట్టు తిరిగితే వెనుక యాక్సిల్ బండిని ఎక్కువ దూరం నెడుతుంది. అరిగిన చిన్న టైర్లు వెనుక ఉన్నంతకాలం ఆ ఎక్కువలో కొంత తగ్గి, తేడా మూడు శాతం దగ్గర ఉండేది. నేను శ్రద్ధగా అన్నీ సమానం చేసి దాన్ని అయిదుకు పెంచాను. టైర్లు ఎలాగూ మార్చాల్సినవే కనుక డబ్బు వృథా కాలేదని మనసుకు చెప్పుకుంటున్నాను. కానీ ఈ సుద్దముక్క పని ముందు రోజే చేసి ఉంటే ఆ రాత్రి నిద్ర మిగిలేది.

జూలై 12

ఆటోనగర్‌లో ఉస్తాద్ దగ్గరకు వెళ్లాను. నలభై ఏళ్లుగా లారీ యాక్సిళ్లే ఆయన వృత్తి. లెక్క వినిపించాను. వెనుక యాక్సిల్ కింద టార్చి వేసి చూసి, "ఇది ఎవరో ఒకసారి విప్పారు సాబ్, బోల్టుల రంగు చూడండి" అన్నారు. ముందు యాక్సిల్ బోల్టుల మీద ధూళి, రంగు కలిసి గట్టిపడి ఉన్నాయి. వెనుకవి శుభ్రంగా ఉన్నాయి. గనుల నుంచి ఊళ్లకు తిరిగే దారిలో డీజిలు మిగులుతుందని ఎవరో వెనుక క్రౌన్ వీల్, దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం పినియన్ మార్చేసి ఉంటారని ఆయన అంచనా. ఫోర్ వీల్ లివరు వాళ్లు ఎప్పుడూ లాగి ఉండరు.

బోనాల సందడిలో పనివాళ్లు లేరు. పని వాయిదా.

జూలై 26

ఆగిన వారాల్లో గేర్ల లెక్క తీరిగ్గా వేసుకున్నాను. రెండు దారులు. ముందుదాన్ని 4.875కి దించడం, లేదా వెనుకదాన్ని మళ్లీ 5.125కి తేవడం.

అయిదో గేరు నిష్పత్తి 0.80. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 542 చుట్లు. 4.875తో ఇంజన్ 2,114 చుట్లు, 5.125తో 2,222. నూటెనిమిది చుట్ల తేడా. చెవికి కూడా పెద్దగా తెలియదు. కానీ 5.125తో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ప్రతి గేరులోనూ అయిదు శాతం ఎక్కువ బలం వస్తుంది. సిమెంటు బస్తాలతోనే శ్రీశైలం దారి నల్లమల మలుపుల్లో మూడో గేరు నిలబడక రెండోకి రావలసి వచ్చింది. ఎప్పటికైనా హిమాలయాల వైపు పోవాలని మా కోరిక. అక్కడ గాలి పలచబడి, టర్బో లేని మా డీజిల్ ఇంజన్ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు పదో వంతు బలం పోగొట్టుకుంటుంది. నాలుగు వేల మీటర్ల దగ్గర మూడో వంతుకు పైగా పోయినట్టే. పొట్టి గేరింగుకే, అంటే 5.125కే నా ఓటు.

అందరూ గొప్పగా చెప్పుకునే పాకుడు వేగం సంగతి కూడా చూశాను. మొదటి గేరు 5.4, అన్ని గేర్లనూ ఇంకా నెమ్మది చేసే లో రేంజి 2.2. మూడూ గుణిస్తే 5.125తో దాదాపు 61, 4.875తో 58. ఇంజన్ 750 చుట్ల మీద ఊరికే తిరుగుతుంటే బండి గంటకు 1.8 కిలోమీటర్లు ఒకదానితో, 1.9 ఇంకోదానితో. చంటిపిల్ల కూడా దాటిపోతుంది. ఇక్కడ యాక్సిల్ నిష్పత్తి చేసే మేలు పెద్దగా లేదు, పనంతా లో రేంజిదే. లో రేంజి లేకపోతే అదే మొదటి గేరులో 4 కిలోమీటర్లు, మనిషి నడక. రాళ్ల మీద దిగేటప్పుడు ఆ రెండింటి మధ్య తేడా బ్రేకు కాలికి తెలుస్తుంది.

పని దృష్ట్యా కూడా వెనుకదే సులువు. ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్ కనుక చక్రాలు విప్పకుండానే హబ్ బోల్టులు తీసి యాక్సిల్ షాఫ్టులు బయటకు లాగవచ్చు.

ఆగస్టు 9

విప్పాం. క్రౌన్ వీల్ అంచు మీద చెక్కిన అంకెలు 8-39. లెక్కపెట్టినా అవే. 39ని 8తో భాగిస్తే 4.875. నా సుద్దగీత అబద్ధం చెప్పలేదు.

8-41 జత పాత సామాన్లలో దొరికింది. క్రౌన్, పినియన్ ఎప్పుడూ జతగానే కొనాలి. రెంటినీ ఒకదానితో ఒకటి రుద్ది తయారుచేస్తారు, మీద ఒకే జత నంబరు ఉంటుంది. మొదట చూపించిన దాంట్లో పెద్దదాని మీద ఒక నంబరు, చిన్నదాని మీద ఇంకో నంబరు. అమ్మేవాడికి నంబర్లు చూపించాను. చిన్నగా నవ్వి లోపలికి వెళ్లి ఇంకోటి తెచ్చాడు.

ఉస్తాద్ పని చూడడమే ఒక చదువు. పళ్ల మధ్య సందు కొలిచే డయల్ గేజి ముల్లు 0.20 మిల్లీమీటర్ల దగ్గర నిలిచేదాకా పక్క నట్లు అటూ ఇటూ తిప్పారు. తర్వాత నాలుగు పళ్లకు బ్రష్‌తో నీలం రంగు ముద్ద పలచగా పూశారు. ఒక చేత్తో క్రౌన్‌ను కర్రతో అదిమిపట్టి, ఇంకో చేత్తో పినియన్ తిప్పారు. రంగు చెరిగిన చోట మెరిసే మచ్చ కనిపించింది, చింతగింజంత. పన్ను లోపలి చివరకు, వేరు వైపుకు దిగి ఉంది. ఆయన తల అడ్డంగా ఊపారు. పినియన్ మరీ లోపలికి వచ్చిందట. మళ్లీ విప్పి దాని వెనుక షిమ్ము, అంటే సందు సరిచేసే రేకు, పలచనిది వేసి బిగించారు. రెండోసారి మచ్చ కొంచెం మధ్యకు జరిగింది. మూడోసారికి పంటి మధ్యలో, ఎత్తులోనూ మధ్యలో, కొలిచి పెట్టినట్టు కూర్చుంది. అప్పటికి మధ్యాహ్నం మూడు. ఎవరూ అన్నం తినలేదు.

కొత్త ఆయిలు పోశాం, తొంభై నంబరు. మొదటి అయిదు వందల కిలోమీటర్లు బరువు లేకుండా, మధ్యమధ్య ఆపి చల్లారనిస్తూ నడపమన్నారు.

సాయంత్రం ఖాళీ స్థలంలో లివరు లాగి రెండు వందల మీటర్లు నడిపి, రెండు వేళ్లతో తోశాను. వచ్చేసింది. ఇంకోసారి. ఇంకోసారి. బావమరిది పక్క సీటు నుంచి చెయ్యి చాచి తానూ తోసి చూసుకున్నాడు.

ఆగస్టు 23

అయిదు వందల కిలోమీటర్లు పూర్తయ్యాయి. వికారాబాద్ వైపు వెళ్లాం, మూసీ పుట్టిన అనంతగిరి కొండల చుట్టుపక్కలకు. కొండ మీద ఎర్రటి మొరం దారి. అక్కడ బండి పిల్లిలా నడిచింది. కొండ దిగి తాండూరు వైపు మళ్లాక నేల నల్లరేగడి. ముందురోజు వాన.

నల్లరేగడిలో ఏ టైరైనా ఒకటే. రెండు చుట్లలో గాడులన్నీ పూడి, చక్రం నున్నటి నల్ల లడ్డూలా తయారవుతుంది. బండి బాట చివర ఒక చోట ఎడమ ముందు చక్రం గుంతలోకి, కుడి వెనుక చక్రం ఇంకో గుంతలోకి వేలాడాయి. ఆ రెండూ గిర్రున తిరుగుతున్నాయి. నేల మీద గట్టిగా ఆనిన మిగతా రెండు చక్రాలు కదలడం లేదు. లో రేంజిలో, 61 రెట్ల బలంతో, నాలుగు టన్నుల బండి కదలకుండా నిలబడి ఉంది.

మామూలు డిఫరెన్షియల్ ధర్మం ఇది. రెండు వైపులా సమానమైన బలం పంచుతుంది. ఒక చక్రానికి పట్టు లేకపోతే దానికి కావలసింది పిసరంత. రెండోదానికీ అదే పిసరు అందుతుంది. కాడికి కట్టిన జోడెడ్లలో ఒకటి కూలబడితే రెండోది ఎంత బలమైనదైనా ఏం చేస్తుంది? అలాంటి కాడి ముందొకటి, వెనుకొకటి.

పక్క చేలో ఉన్న ఒక పెద్దాయన ట్రాక్టరుతో వచ్చారు. గొలుసు కడుతూ మా బండి కిందకు వంగి చూశారు.

"నాలుగు చక్రాలూ తిరుగుతాయన్నావు కదా బాబూ, మరి రెండే తిరుగుతున్నాయేం?"

చెప్పాను.

"మా ట్రాక్టరుకు కాలి కింద లాక్ పెడల్ ఉంది. తొక్కితే రెండు చక్రాలూ కలిసి పోతాయి. ఇంత బండికి అది పెట్టలేదా?"

నా దగ్గర జవాబు లేదు. డబ్బు తీసుకోలేదు, టీ మాత్రం తాగారు.

తిరిగి వస్తూ ఇంకో చిన్న గుంతలో ఒక చిట్కా ప్రయత్నించాను. హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాల డ్రమ్ముల మీద పనిచేస్తుంది కనుక దాన్ని సగం లాగి యాక్సిలరేటరు నెమ్మదిగా తొక్కాను. జారే చక్రానికి బ్రేకు అడ్డం పడితే దానికి అందే బలం పెరుగుతుంది, ఆ మేరకు రెండోదానికీ పెరుగుతుంది. బయటపడ్డాం. చిన్న గుంతకు సరే, రేగడి బురదకు చాలదు.

ఆగస్టు 30

రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకరు ఏది? ఈ ప్రశ్న మీదే వారం.

వెల్డింగుతో డిఫరెన్షియల్‌ను శాశ్వతంగా కలిపేయమని ఒకరి సలహా. తారు మీద ప్రతి మలుపులో ఒక టైరు ఈడ్చుకుపోతుంది, ఏదో ఒక రోజు షాఫ్టు విరుగుతుంది. ఆ మాట అక్కడితో వదిలేశాను. లిమిటెడ్ స్లిప్ రకం, లోపల ప్లేట్లు ఉన్నది, తడి రోడ్డు మీద బాగుంటుంది. కానీ ఒక చక్రం పూర్తిగా గాలిలో ఉన్నప్పుడు దాని చేతిలో బలం తక్కువ, ప్లేట్లు అరుగుతాయి, ప్రత్యేకమైన ఆయిలు కావాలి.

మహీంద్రా థార్ కొన్ని మోడళ్లలో వచ్చే యాంత్రిక లాకరు తనంతట తానే పడుతుంది. రెండు చక్రాల మధ్య నిమిషానికి సుమారు వంద చుట్ల తేడా వస్తే కలుస్తుంది. తెలివైన పనే, డ్రైవరు ఏమీ చేయనక్కరలేదు. కానీ నా టైరు చుట్టుకొలతతో గుణించి చూశాను. వంద చుట్లంటే 246 మీటర్లు, అంటే చక్రం గంటకు దాదాపు 15 కిలోమీటర్ల వేగంతో ఉన్నచోటనే తిరగాలి. ఇసుకలో, రాళ్ల మీద సరే. రేగడిలో అంత వేగం అందుకునేలోపు చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. నాకు గుంతలోకి దిగకముందే వేసుకునేది కావాలి, ఆ పెద్దాయన పెడల్ లాంటిది. ఫోర్స్ గూర్ఖాలో కంపెనీయే ముందూ వెనకా రెంటికీ డ్రైవరు వేసుకునే లాకు ఇస్తుంది. అసూయగా ఉంది.

వెనుక ఒక్కదానికే వేస్తాను. ముందు లాకు వేస్తే స్టీరింగు తిరగనని మొరాయిస్తుంది, బలహీనమైన ముందు జాయింట్లు విరుగుతాయి. బరువు 2,120 కిలోలు వెనుకే ఉంది, ఏటవాలు ఎక్కుతుంటే ఇంకా వెనక్కి వస్తుంది. అక్కడ లాకు ఉంటే వందలో తొంభై సార్లు చాలు.

సెప్టెంబరు 13

నిమజ్జనాలు ముగిశాయి, ఆటోనగర్ మళ్లీ కదిలింది. ఉస్తాద్ తెలిసినవారి దగ్గర కేబులుతో పనిచేసే లాకరు ఒకటి ఉందని కబురు చేశారు, వేరే బండి యాక్సిల్ నుంచి విప్పినది. పెట్టె, బేరింగులు సరిపోతాయట. తేలాల్సింది ఒక్కటే. యాక్సిల్ షాఫ్టు చివర ఉండే గాడులు. ఆ లాకరులో ముప్పై. మనవి ముప్పై అయితే ఎక్కుతుంది, లేకపోతే షాఫ్టులు కూడా చేయించాలి, అప్పుడు ఖర్చు రెండింతలు.

రాత్రి ఎనిమిదింటికి కుడి షాఫ్టు లాగి వరండాలో గోనెసంచి మీద పడుకోబెట్టాం. కళ్లతో లెక్కపెడితే ఎక్కడ మొదలుపెట్టామో మరిచిపోతున్నాం. అందుకని గాడులకు గ్రీజు రాసి, తెల్లకాగితం పట్టీ చుట్టూ చుట్టి వేళ్లతో నొక్కాం. విప్పి పరిస్తే నల్లటి చారలు వరుసగా పడ్డాయి, కాగితం కలిసిన చోట మాత్రం అలుక్కుపోయింది.

నా లెక్కకు ఇరవై తొమ్మిది. బావమరిది లెక్కకు ముప్పై. మా ఆవిడ వచ్చి చూసి, అలుక్కుపోయిన దాన్ని ఒకటిగా లెక్కపెట్టాలా రెండుగానా అని అడిగింది. గ్రీజు తుడిచి, మొదటి గాడికి సుద్ద పెట్టి, రేపు పగటి వెలుతురులో మళ్లీ లెక్కపెడతాం.